కేబుల్ తగిలించని కంప్యూటర్

మాదాపూర్‌లోని ఆ భవనాల డిజైన్ ఆఫీసులో పదకొండు కంప్యూటర్లున్నాయి. పదింటిని ఒకే నెట్‌వర్క్‌లో కలిపేశారు. ఒక సీట్లో గోడ జరిపితే పక్క సీట్లో మరుక్షణం కనిపించేది. పదకొండోది మూలన కూర్చునే విశ్వేశ్వరరావుగారిది. రోడ్లు భవనాల శాఖలో ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక ఇక్కడ చేరిన మనిషి.

"నా దానికి కేబుల్ వద్దండి. ఎవరి జలుబు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి" అనేవారు.

నెట్‌వర్క్ చూసుకునే రమ్యకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. కడప నుంచి వచ్చి ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్న పిల్ల, పనిమంతురాలు. వైరస్‌లొస్తాయని ఆఫీసులో పెన్‌డ్రైవ్‌లు నిషేధించింది కూడా ఆమే. వైరస్‌కి ఆ సంగతి తెలియదు కాబోలు, దసరా వెళ్లిన మంగళవారం ఈమెయిల్లో వచ్చింది. డ్రాయింగులు గీసే గిరీష్ దాన్ని తెరిచాడు. గంటలో పది కంప్యూటర్లలోని ఫైళ్లన్నిటికీ తాళం పడింది, ఒక్కటీ తెరుచుకోలేదు. సర్వర్ పోయింది. ఆపద కోసమని పెట్టుకున్న బ్యాకప్ డిస్క్ కూడా పోయింది. దాన్నీ అదే నెట్‌వర్క్‌కి తగిలించి ఉంచింది రమ్యే. ఇంటి తాళంచెవినీ, మారు తాళంచెవినీ ఒకే గుత్తికి వేసి పారేసుకున్నట్టయింది.

ఓనరు రాజేందర్ అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

"ఎనిమిది నెలల పని రమ్యా. గురువారం స్కూలోళ్లకు డ్రాయింగులు ఇయ్యాలె. ఇగ ఏం చెప్పాలె వాళ్లకు? అవి దొరకకుంటే నువ్వు ఇంకో జాబ్ చూస్కో."

రమ్య కనీసం ఆ పదకొండోదైనా బతికుందో లేదో చూద్దామని మూలకు నడిచింది. ఆమెను చూడగానే విశ్వేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీకెవరు చెప్పారండీ?"

"ఏమి సార్?"

"అదే... పెన్‌డ్రైవ్ సంగతి."

ఏ పెన్‌డ్రైవ్ అని రమ్య అడిగేలోపే ఆయనే మొదలుపెట్టారు.

"ఆయుధపూజ కోసమమ్మా. మా శాఖలో ఆ ఏడాది గీసిన డ్రాయింగులన్నీ చుట్టలు చుట్టి అమ్మవారి ముందు పెట్టేవాళ్లం. ఇక్కడ కాగితమే లేదాయె. ఖాళీ పెట్టెకి బొట్టెలా పెట్టమంటారు? మీరు భోజనానికి వెళ్లినప్పుడు గిరీష్ సీట్లోంచి కాపీ చేసుకొచ్చి ఇందులో వేశాను. ఈ వైరసేదో నా వల్లే వచ్చిందంటే ఇవాళే మానేస్తానండి."

"ఏవేవి కాపీ చేసినారు సార్?"

"అమ్మవారి దగ్గర కొన్ని పెట్టి కొన్ని దాచుకోం కదండీ. అన్నీను."

రమ్య మౌస్ లాక్కుంది. స్కూలు ఫోల్డరు తెరిచింది. స్తంభాలు, తరగతి గదులు, నీళ్ల పైపులు, అరవై రెండు డ్రాయింగులు ఒక్కటీ చెక్కుచెదరకుండా తెరుచుకున్నాయి. పూజ తర్వాత మార్చిన మెట్ల డ్రాయింగులు మాత్రం లేవు. రెండు రోజుల పని. గిరీష్ మెడ మీద కూర్చుని గీయించొచ్చు. ఆమె అక్కడే నేల మీద చతికిలబడి, నవ్వుతూ ఏడ్చేసింది. గుండెల మీద నుంచి రోలు దించినట్టయింది. ఎందుకు ఏడుస్తోందో తెలియని పెద్దాయన కంగారుగా మంచినీళ్లు తెచ్చారు.

సంగతంతా విన్నాక గానీ ఆయన ముఖంలోకి రంగు రాలేదు. వచ్చాక మాత్రం ఠీవిగా కుర్చీలో కూర్చున్నారు.

"సార్, రాజేందర్ సార్ ఇంటి నుంచి వేరే ల్యాప్‌టాప్ తెప్పిస్తున్నారు. దాంట్లోకి ఎక్కించాల. ఆ పెన్‌డ్రైవ్ ఇస్తారా?"

"దాన్ని వాడకూడదని మీ ఆర్డరుంది కదండీ. అనుమతి రాతపూర్వకంగా ఇప్పించండి."

ముప్పై ఏళ్ల సర్కారు నౌకరీ ఎక్కడికి పోతుంది? ప్రింటర్ కూడా ఆ పాడు నెట్‌వర్క్‌లోనే ఉంది. రమ్య తెల్లకాగితం తీసుకుని చేత్తోనే రాసింది. అనుమతి రాసి, సంతకం చేసి, ఆయన అడగని మాట ఒకటి కింద చేర్చింది: "ఇన్నాళ్లూ మిమ్మల్ని చులకన చేసినాను సార్, క్షమించండి."

విశ్వేశ్వరరావుగారు కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. స్కేలు ఆనించి, సంతకం కింది ముక్కను శుభ్రంగా చింపారు.

"ఇది ఫైల్లో ఉండక్కర్లేదమ్మా" అని, పెన్‌డ్రైవ్‌తో పాటు ఆ ముక్కను ఆమె చేతిలోనే పెట్టేశారు.