వేల్పు ఇంట్లో డబ్బా

నాకు ఓపిక తక్కువ. చర్లలో జిరాక్స్, ఇంటర్నెట్ షాపు నడిపేవాడికి అది ఉండి తీరాలి. సిగ్నల్ పోతే మాత్రం గిరాకీల కంటే ముందు నేనే చిందులేస్తాను.

నా దోస్తు రమణ వాళ్ల నాన్న జంపయ్య తమ కోయ గోత్రం కథ పాడతాడు. రాత్రంతా సాగే ఆ పాట మొత్తం వచ్చింది ఆయనొక్కడికే. రమణ దాన్ని రికార్డు చేసి, ఆ కథ బొమ్మలున్న వేల్పు జెండాను, అంటే వాళ్ల గోత్ర దైవం జెండాను, ఫొటోలు తీసి, ఓ కంపెనీ క్లౌడ్‌లో దాచుకున్నాడు. ఒకనాడు ఆ క్లౌడ్ తనంతట తానే ఫొటోలకు డిస్కో మ్యూజిక్ తగిలించి, సంతలో అందరి ముందు అతని ఫోన్లో మోగించింది. పెద్దలు భగ్గుమన్నారు.

"క్లౌడ్ వద్దు, మన డబ్బా మనమే పెట్టుకుందాం" అన్నది నేనే. పాత చిన్న కంప్యూటరు, ఒక హార్డ్‌డిస్కు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఎక్కడ పెట్టాలన్న దగ్గర పంచాయితీ మొదలైంది. నేను నా షాపన్నాను, రమణ బడి అన్నాడు. వేల్పు పూజారి వీరబాబు, రమణకు చిన్నాయన, ఒక్క మాటతో తేల్చేశాడు.

"పాట వేల్పుది. వేల్పు ఇంట్లనే పెట్టాలె."

"ఇంకో కాపీ నా దగ్గర ఉంచుత బాబాయ్" అన్నాను.

"వేల్పుకు రెండిండ్లు ఉంటయా ఏంది?"

క్లౌడ్‌లోదీ, ఫోన్లోదీ తుడిచేశాం. డబ్బాను జెండా పక్కన పెట్టాక తలుపు మూసేశారు. రమణ బయట అరుగు మీద కూర్చుని, డబ్బా నుంచి వైఫైలో వచ్చే పాటను ఫోన్లో వింటూ నేర్చుకునేవాడు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

వానాకాలంలో జంపయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అదే వారం గాలివానకు కరెంటు రోజుల తరబడి రాక, లోపలి బ్యాటరీ కూడా అయిపోయి డబ్బా ఆగిపోయింది. కరెంటు వచ్చినా బటన్ నొక్కందే అది లేవదు. రమణకు పాట సగమే వచ్చు. మిగతాది రికార్డు విని ఆయన ముందు పాడితే, తప్పు పోయిన చోట ఆయన చెయ్యెత్తి ఆపగలడు. ఇక ఆయన నేర్పగలిగింది అలాగే.

బండేసుకుని పోయాను. వేల్పు ఇంటి ముందు నిలబడలేక అటూ ఇటూ తిరిగాను.

"ఒక్క బటన్ బాబాయ్. నేను లోపలికి రాను, నువ్వే నొక్కు."

"నొక్కుడు కాదయ్యా, తలుపు తెరుసుడే కుదరదు."

"మరి పాట పోతే?"

"యాడికి పోతది? ఇంట్లనే ఉంది కద."

ఒళ్లు మండిపోయింది. "అయితే ఎప్పుడు తెరుస్తరో చెప్పు! ఆ రోజే వస్త!" అని అరిచాను.

వీరబాబు ఎదురింటి చూరు కింద మంచంలో ఉన్న అన్న వైపు చూశాడు. "జాతరకు. లేకుంటే ఇంట్ల మనిషి పోయిన రోజు."

జాతర ఎండాకాలంలో. రమణ నా చెయ్యి పట్టుకుని బండి దాకా తీసుకొచ్చి, "పో అన్నా" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

షాపులో కాలు నిలవలేదు. డబ్బా లేస్తే నా కంప్యూటర్లో తెలుస్తుంది. లేచిందా అని చూసేవాణ్ని. లేచిందంటే అర్థమేమిటో గుర్తొచ్చి భయంతో మూసేసేవాణ్ని. మళ్లీ చూసేవాణ్ని.

ఓ పొద్దున ఆధార్ కాపీలు తీస్తుంటే తెరమీద కనిపించింది. డబ్బా పనిచేస్తోంది, పాటలన్నీ భద్రంగా ఉన్నాయి. కౌంటరు ముందు ఎవరో "జల్దీ అన్నా" అంటున్నారు. నాకు కాగితాలు కనబడటం లేదు, కళ్లనిండా నీళ్లు.

రమణకు ఫోన్ చేశాను. వెనక రికార్డులో జంపయ్య గొంతు ఖంగుమని పాడుతోంది. రమణ ఏడుస్తూనే ఒక చరణం అందుకుని ఆగిపోయాడు.

"అన్నా, తప్పు పాడితే ఇగ నన్ను ఆపేదెవలు?"