మగవాళ్లు అయిపోయిన స్టాపు

ఈ ఉదయం మా చౌరస్తా స్టాపులో మగవాళ్లు అయిపోయారు. ఆఖరివాడు సత్తయ్య. పాలవేళ బస్సు ఆపి, ఆ ఆపడంలోనే కరిగిపోయాడు. చెప్పులు మాత్రం మిగిలాయి.

ఆడవాళ్లకు బస్సు ఉచితం, టికెట్ లేదు కాబట్టి ఆడవాళ్లు మాత్రమే ఉన్న చోట బస్సు ఆగదు. అందుకని ఎప్పుడూ ఒక మగవాణ్ని ముందు నిలబెట్టుకుంటాం. బస్సు ఆగిన ప్రతిసారీ అతను కాస్త పలచబడతాడు. ఊరి మగవాళ్లందరినీ అలాగే వాడేసుకున్నాం, ఆటోవాళ్లతో సహా. తప్పేముంది, పనులుంటాయి కదా.

నేను పెద్దాసుపత్రికి పోవాలి. నా బిడ్డ స్వరూప నొప్పులు పడుతోంది. మొదటి కాన్పు తల్లిగారిది, అమ్మ వస్తేగాని కననని పళ్లు బిగబట్టుకుని ఉందట. ఇంకాసేపు ఇలాగే ఉంటే ఇద్దరూ దక్కరని డాక్టరమ్మ ఫోన్ చేసింది.

బస్సు వస్తుంది, పోతుంది. రోడ్డుకు అడ్డంగా పడుకుంటాను. నన్ను తాకకుండా, మర్యాదగా నా మీదుగా దాటిపోతుంది. డ్రైవర్ల నోట్లో మన్నుపడ.

"మీ ఆయన అంగీ ఉండాలె గదా?" అంటుంది పక్కింటి బుచ్చక్క.

ఉంది. ఐలయ్య పోయి ఏడాది దాటినా అతని చొక్కా దండెం మీద ఇంకా ఆరలేదు. తడిదే తొడుక్కుంటాను. మీసం వస్తుంది, అతని దగ్గు కూడా వస్తుంది. బస్సు ఆగుతుంది.

నేనెక్కగానే తలుపు మూసుకుంటుంది. బుచ్చక్క బయట తలుపు బాదుతోంది. పాపిష్టిదాన్ని, వెనక్కి తిరిగి చూడను.

ముందు సీట్లన్నీ ఖాళీ. కూర్చోబోతే కండక్టర్ చెయ్యి అడ్డం పెడతాడు.

"పెద్దాయనా, అవి ఆడోళ్లవి."

"ఆడోళ్లను ఎక్కించుకుంటలేరు గదా?"

"ఎక్కితే ఏడ కూసుంటరు? అందుకే ఖాళీగ ఉంచుతున్నం."

నిజమే. నిలబడి పోతాను.

కాన్పుల వార్డు గుమ్మంలో ఆయమ్మ కూర్చుని ఉంది. మగవాళ్లు రాకూడదంటుంది.

"నేను స్వరూప తల్లిని."

"తండ్రులందరు గట్లనే అంటరు."

చొక్కా విప్పబోతాను. గుండీలు చర్మంలో నాటుకున్నాయి. లాగితే నెత్తురొస్తోంది గాని ఊడటం లేదు. ఇక లోపలికి వినపడేలా పిలుస్తాను. ఐలయ్య గొంతే వస్తుంది.

"బిడ్డా, వచ్చిన. కను తల్లీ."

"నాయినా?" లోపలి నుంచి మూలుగుతూ అంటుంది స్వరూప. "నువ్వు సచ్చిపోయినవ్ గదా. అమ్మను పంపియ్యి."

నేనే అమ్మనంటాను. దగ్గు అడ్డం పడుతుంది.

వార్డు నేల నుంచి ఊడి రోడ్డెక్కుతుంది. సెలైన్ సీసాలు ఊగుతున్నాయి. గర్భిణులు మంచాల ఇనుప కడ్డీలు పట్టుకుని కూర్చున్నారు. ఆయమ్మ మెట్టు మీద వేలాడుతూ ఈల వేస్తుంది. చెయ్యెత్తుకుని వెనకాల పరుగెత్తుతున్నాను, ఆపండని అరుస్తున్నాను.

వెనక కిటికీలో స్వరూప కనిపిస్తోంది. రెండు చేతులతో కడుపు అదిమిపట్టుకుంది. నన్ను చూసి, వెనక్కి పొమ్మని తల ఊపి, ముందుకు తిరుగుతుంది.

"మా అమ్మ చౌరస్తాల నిలవడ్డది, పాపం ఎవ్వరు ఆపుతలేరు," అంటోంది నా బిడ్డ. "జల్ది పోనియ్యి."