ఆకుడబ్బా మూత

ధర్మవరంలో రంగయ్యశెట్టి పట్టుచీరల అంగడి మెట్టు మీద పీరాంబి కూర్చుని గంటన్నర అయింది. సాయంత్రం అయిదు లోపల హిందూపురం కాలేజీలో లెక్చరరు ఉద్యోగానికి దరఖాస్తు ఇవ్వాలి. ఒంటిగంట బస్సు తప్పిందంటే, మనవరాలు షాహిదా ఇంట్లో కూర్చుని ప్రైవేటుగా కట్టి పాసైన ఎం.కాం. పెనుకొండ ఇంట్లోనే మూలన పడుతుంది. మార్కుల కాగితాలన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే. లెక్కల పనిలో మూడేళ్ల అనుభవం ఉందని సర్టిఫికెట్టు.

అనుభవం లేక కాదు. ఈ అంగడి లెక్కలు ఏడేళ్లుగా రాసింది షాహిదానే. ఇక్కడే మూటలు కట్టే తండ్రి గౌస్‌సాబ్ శుక్రవారం శుక్రవారం పుస్తకాలు ఇంటికి తెచ్చేవాడు. వాడు పోయినాక ఆ పుస్తకాల మూట వాడి తల్లి పీరాంబి నెత్తికెక్కింది.

ఎట్టకేలకు శెట్టి ఒక కాగితం చాచాడు. పక్కనే నిలబడ్డ షాహిదా అందుకుని చదివి తిరిగి గల్లాపెట్టె మీదే పెట్టింది.

"మీ రంగనాథ్ లెక్కలు రాస్తే నేను సాయం చేసినానని రాసినారు. ఇది నిజం కాదు శెట్టిగారూ."

"వానికి సంబంధాలు చూస్తాండాము తల్లీ. లెక్కలన్నీ మావాడే చూస్తాడని చెప్పుకున్నాము. ఇప్పుడు ఆడపిల్ల రాసిందని సంతకం పెడితే ఎట్ల?"

"తీసుకోవే!" పీరాంబి అరిచింది. "సాయమో గీయమో, కాగితమైతే ఉండాది కదా. బస్సు పోతాది!"

"సాయం చేస్తే కాలేజీలో లెక్కలోకి రాదవ్వా. అయినా తప్పు లెక్క కింద నేను ఎన్నడూ గీత గీయలేదు."

పీరాంబికి తల పట్టుకోవాలనిపించింది. మొండితనంలో అచ్చం వాళ్ల నాయనే. పోనీ, రాకపోతే ఏం? పిల్ల ఇంట్లోనే ఉంటుంది. పొద్దున్నే కళ్లెదుట తల దువ్వుకుంటుంది. ఇంకెవరినీ బస్సెక్కించే పని ఉండదు. అలా అనుకోగానే గుండె తేలికైంది. వెంటనే తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ మంటతోనే లేచింది.

"శెట్టీ, పాత పుస్తకమొకటి తియ్యి."

"ఎందుకు?"

"తియ్యప్పా, తింటానా ఏమి?"

లోపలి నుంచి రంగనాథే తెచ్చి తెరిచాడు. పీరాంబి నడుము దగ్గరి సంచిలోంచి తమలపాకులు పెట్టుకునే రేకు ఆకుడబ్బా తీసి, మూత ఊడబీకింది. ఒకప్పుడు బస్సు మెట్ల మీద పడి ఆ మూత అంచు ఒకచోట సొట్టపోయింది. ఇంట్లో స్కేలుకు గతిలేక షాహిదా దాన్నే పెట్టి గీతలు గీసేది. మొత్తాల కింద గీసిన జంటగీతకు అవ్వ ఆ అంచు ఆనించింది. గీతలో వంపు సొట్టలో సరిగ్గా ఒదిగింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ. అన్నిచోట్లా అదే వంపు.

రంగనాథ్ పకపకా నవ్వాడు. "నా దగ్గర మంచి స్కేలుండాది నాయనా. నేనైతే ఇన్ని వంకరగీతలు గీస్తానా? రాసియ్యి. పిల్లనిచ్చేవాళ్లు వచ్చి ఒక్క పేజీ చదవమంటే ఏం చేస్తావు నన్ను పెట్టుకొని?"

శెట్టి గొణుక్కుంటూనే ఇంకో కాగితం తీశాడు.

అయిదుకు పది నిమిషాలుందనగా హిందూపురంలో గుమాస్తా దరఖాస్తు మీద ముద్ర కొట్టాడు. నెల తిరగకముందే ఆర్డరు వచ్చింది. చేరాల్సిన రోజు పెనుకొండ బస్టాండులో షాహిదా చేయి చాచింది.

"అవ్వా, ఆ మూత ఇస్తావా?"

"లెక్చరరమ్మకు స్కేలు కొనే దుడ్లు ఉండవా?"

"ఉంటాయి. దాంతో గీస్తే నా గీత మాదిరి ఉండదు."

"మూత లేకుంటే నా ఆకులు వాడిపోవా? ఎప్పుడూ నీ పనే నీకు!" అని తిడుతూనే ఊడబీకి చేతిలో పెట్టింది.

అంతలోనే కండక్టరు విజిలేశాడు. పీరాంబి డబ్బాకు కొంగు కప్పుకుని ఇంటిదాకా వాణ్ణి తిట్టుకుంటూనే నడిచింది. ఇంకో రెండు నిమిషాలు ఆపితే వాడి సొమ్మేం పోయింది?