బాణలితో బేకరీ దాకా

మా ఆడపడుచు వయొలేతా ఏ ఇంటికి వెళ్ళినా ముందు డబ్బాలు లోపలికి వస్తాయి, తర్వాత ఆవిడ వస్తుంది. ఐస్‌క్రీమ్ అయిపోయిన ప్లాస్టిక్ డబ్బాలు, ఒకదాంట్లో ఒకటి దూర్చినవి. విందు అయ్యాక మిగిలింది కట్టుకుపోవడం మా వాళ్ళందరికీ అలవాటే, అందులో సిగ్గుపడేదేమీ లేదు. కానీ పొయ్యి వెలిగించకముందే ఎంత మిగులుతుందో అంచనా వేసేది మాత్రం ఆవిడొక్కతే.

ఆ ఆదివారం మా అత్తయ్యకు ఎనభై నిండాయి. పుట్టినరోజున పన్సిత్ సేమ్యా తినకపోతే ఆయుష్షు ముందుకు సాగదని ఆవిడ నమ్మకం. సేమ్యా పోగు ఎంత పొడుగుంటే బతుకంత పొడుగు. వంటలో పోగులు తెగాయో, ఇక ఆ రోజంతా ఆవిడ ముఖం చూడలేం. రెండు నెలలుగా ఒంట్లో బాగాలేక గంజి తప్ప ఏదీ ముట్టడం లేదు. "ఆ రోజు పళ్ళెం నిండా తింటాను, నువ్వే వండు" అని నాతో అంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో తన బాణలి నా చేతికివ్వడం అదే మొదటిసారి. "తిన్నదంటే లేచి తిరుగుతుంది, ఫ్లోరీ. నీదే భారం" అని మా ఆయన ఎలిసియో పొద్దున్నే నా నెత్తిన ఒక బండ పెట్టి, తాను కుర్చీలు తుడవడానికి వెళ్ళాడు.

వెల్లుల్లి ఎర్రగా వేగాక ఉల్లిపాయ, పంది మాంసం, కోడి కార్జం, రొయ్యలు వేశాను. క్యారెట్, బీన్స్, క్యాబేజీ కరకరలాడుతుండగానే తీసి పక్కన పెట్టాను. కోడి ఎముకలు మరిగించిన నీళ్ళలో సోయా సాస్ పోసి, నానిన బియ్యపు సేమ్యా అందులో వదిలి, రెండు గరిటెలతో అడుగునుంచి ఎత్తి ఎత్తి వదులుతూ, ఒక్క పోగు తెగకుండా ఆ నీళ్ళన్నీ దానిచేత తాగించాను.

సరిగ్గా అప్పుడు డబ్బాలు వచ్చాయి. వెనకాలే వదిన.

రాగానే నా చేతిలో గరిటె తీసుకుని, బాణలిలో ముంచి, జుర్రుమని పీల్చి, గరిటె వెనకవైపు కూడా నాకి, మళ్ళీ ముంచింది.

"ఉప్పు తక్కువైందే."

"వేస్తాను వదినా. ఆ గరిటె మీరే ఉంచుకోండి" అని ఇంకో గరిటె తీసుకున్నాను. ఆవిడ దాన్ని మర్యాద అనుకుంది.

కలమన్సి నిమ్మకాయలు కోసుకురావడానికి పెరట్లోకి వెళ్ళాను. వెళ్ళి వచ్చింది ఐదు నిమిషాలు. గుమ్మంలోనే వాసన అడ్డం వచ్చింది. తడి బట్టలు బకెట్లో వేసి మూడు రోజులు మరిచిపోతే వచ్చే వాసన, పైన కాస్త వెల్లుల్లి.

బాణలి మధ్యలో బూడిదరంగు ముద్ద ఒకటి కూర్చుని ఉంది. వదిన దాన్ని గరిటెతో అదిమి అదిమి నా సేమ్యాలో కలుపుతోంది. నేను ఒక పోగు పట్టుకుని ఎత్తితే దాంతో పాటు జిగురు తీగ సాగింది. నేను వేయని సాసేజ్ చక్రాలు కనిపించాయి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటున్నాయి. అంచు పచ్చబడిన గుడ్డు ముక్క ఒకటి. పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి, కొన నలిగిపోయి. అది ఎవరి నోట్లోంచి బయటికొచ్చిందో అన్న ఆలోచన వచ్చాక, ఇక నా నోట్లో ఊరింది లాలాజలం కాదు.

"వదినా, ఇదేంటి?"

"రాత్రి మిగిలిందే. పొద్దున ప్రార్థనకి వెళ్తే బల్లమీద అలాగే ఉంది. పారేస్తే పాపం కదా. వేడిమీద కలిసిపోతుందిలే."

"ఎవరింట్లో?"

ఆవిడ గరిటె అంచు తుడుస్తూ, "తార్సిలో గారింట్లో" అంది.

తార్సిలో మా వీధి చివరి ముసలాయన. బుధవారం పోయాడు. ఇంకా పూడ్చలేదు, ముందుగదిలో శవపేటికలోనే ఉన్నాడు. వచ్చిపోయేవాళ్ళకి అక్కడ భోజనాలు పెడుతున్నారు. తిన్నంత తినొచ్చు కానీ, చావింటినుంచి మెతుకు కూడా ఇంటికి తేకూడదు. ఉత్త చేతులతో వచ్చినా తిన్నగా ఇంటికి రాకూడదు. దారిలో ఏ దుకాణం దగ్గరో కాసేపు ఆగాలి. వెంట వచ్చే, ఆ పోయిన పెద్దమనిషి అక్కడ విసిగి వెనక్కి పోతాడు.

"పోనీ, దార్లో ఎక్కడైనా ఆగారా?"

"ఎలా ఆగను? సంచి కారిపోతుంటేనూ."

నేను కాలేజీలో రసాయన శాస్త్రం చదివిన మనిషిని. తార్సిలో ఆ సంచి వెంట నడుచుకుంటూ మా వంటింట్లోకి వచ్చాడని నేను అనుకోలేదు. వచ్చి ఉంటే ఆయనే ముక్కు మూసుకునేవాడు.

"అమ్మకి చెప్తావా ఏంటి?" వదిన గొంతు తగ్గించింది. "తన పుట్టినరోజు వంటలో చావింటి కూడు కలిసిందని తెలిస్తే మళ్ళీ మంచం దిగదే."

"ఆ సంగతి సంచి విప్పేముందు గుర్తు రాలేదా?"

పొయ్యి ఆపేశాను. ఆవిడ డబ్బాలు మూడూ తీసి, మూత పట్టనంతగా నింపి, మూతలు అదిమి నొక్కాను.

"ఇదేంటే?"

"మీ వాటా, వదినా. పారేస్తే పాపం కదా."

ఆవిడ వాటిని తీసుకెళ్ళి తలుపు పక్కన వరసగా పెట్టుకుంది. మిగతాది పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను. పక్కింటి కుక్కదీ ప్రాణమే.

ఎలిసియోని సేమ్యా కోసం పరుగెత్తిస్తే ఉత్త చేతులతో వచ్చాడు. దుకాణం ఆవిడ తార్సిలోకి మేనకోడలట, తలుపులు మూసేసింది. అలమరలో ఒక్క పొట్లం మిగిలింది. అత్తయ్యకు నిండు పళ్ళెం, ఇరవైమంది చుట్టాలకి తలా ఒక చెంచా. కోడి వేపుడు, అన్నం ఉన్నాయి, ఎవరూ పస్తుండరు.

బాణలి మూడుసార్లు తోమాను. జిగురు మొదటిసారికే పోయింది, వాసన రెండోసారికి. మూడోసారి ఎందుకు తోమావని అడిగితే ఏదో ఒకటి చెప్పగలను. తర్వాత తడి బాణలి చంకలో పెట్టుకుని వీధి మలుపులో బేకరీ దాకా ఎందుకు నడిచానో మాత్రం నా చదువుకి కూడా తెలియదు.

"ఏంటక్కా, బాణలి నిండా రొట్టెలా?" అంది బేకరీ అమ్మాయి.

"ఏం వద్దమ్మా. కాసేపు నిలబడతాను."

ఆ పిల్ల వీధి చివర చావింట్లో వెలుగుతున్న దీపాల వైపు చూసింది, బాణలి వైపు చూసింది. ఒక స్టూలు ముందుకు జరిపి, "దాన్ని కూర్చోబెట్టండి" అంది.

ఇంటికొచ్చి ఆ ఒక్క పొట్లం వండాను. పన్నెండు గంటలకి అత్తయ్య బల్ల దగ్గరికి వచ్చింది. పళ్ళెం మీదికి వంగి వాసన చూసింది. ఫోర్కుతో ఒక పోగు ఎత్తింది. అది తెగకుండా ఆవిడ కళ్ళదాకా లేచింది. కొరక్కుండా లోపలికి లాక్కుంది. తర్వాత ఇంకోటి. వదిన తన చెంచాడు సేమ్యాని పళ్ళెంలో ఇటునుంచి అటు నెడుతోంది.

పళ్ళెం సగమయ్యాక అత్తయ్య తలెత్తింది. ఆవిడ కుర్చీ ఎప్పుడూ వీధి కిటికీ పక్కనే ఉంటుందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఫ్లోరిండా, బాణలి పట్టుకుని బేకరీకి ఎందుకెళ్ళావు?"

"తోమాక ఎండలో ఆరుతుందని, అత్తయ్యా."

"బేకరీ పందిరి కిందా?"

నేను నీళ్ళ గ్లాసు ఆవిడ చేతికి దగ్గరగా జరిపాను. ఆవిడ తాగింది. మళ్ళీ పళ్ళెంలోకి వంగి చివరి పోగుదాకా తిన్నది. మూతి తుడుచుకుంది. తలుపు పక్కన వరసగా పెట్టిన మూడు డబ్బాల వైపు తీరిగ్గా చూసింది.

"వయొలేతా, వెళ్ళేటప్పుడు నువ్వు కూడా బేకరీ దగ్గర ఆగు" అంది. "కాస్త ఎక్కువసేపే ఆగు. డబ్బాలున్నాయిగా."

తర్వాత ఖాళీ పళ్ళెం నా వైపు తోసింది. బాణలిలో నా వంతు చెంచాడే మిగిలి ఉంది. దాన్ని తెగకుండా ఎత్తి ఆవిడకి వడ్డించాను.