టక్కు

రెండు తెల్లచీరలు అప్పటికే హ్యాంగర్లకు ఎక్కాయి. మూడోది సగం బల్ల మీద, సగం రుద్రమ్మ ఎడమభుజం మీద ఉంది. నీళ్లు చల్లుకోమని సినిమావాళ్లు స్ప్రే సీసా ఇచ్చారు గానీ ఆమె దాన్ని ముట్టదు. చెంబులో వేళ్లు ముంచి, గుడ్డ మీద విదిలించి, ఇస్త్రీపెట్టెను అంచు నుంచి లోపలికి నడిపిస్తుంది. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. మోసీ మోసీ కుడిభుజం కాస్త కిందికి జారింది. ముంజేతి లోపల పాత వాతలు నల్లబడి ఉన్నాయి. బొటనవేలి గోరు ఎప్పుడో నిలువునా చీలి, అలా చీలికతోనే పెరుగుతోంది. ముఖంలో చెప్పుకోదగ్గదేమీ లేదు, ఒకసారి చూసినవాళ్లు రెండోసారి పోల్చుకోలేరు. ఈ సినిమా తీస్తున్న డైరెక్టరు శ్రీలేఖ కూడా పోల్చుకోలేదు. కాకపోతే ఆవిడ ఈ ముఖాన్ని చూసింది ఒక్కసారి కాదు, చిన్నప్పుడంతా చూసింది.

పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో ఓ పాత బంగళా అది. షూటింగుకు ఆఖరి రోజు, ఆఖరి సీను. పొద్దుగూకేలోగా ఇల్లు ఖాళీ చేసి తాళాలివ్వాలి. పెరట్లో నందివర్ధనం పక్కన ఇస్త్రీబల్ల వేశారు. బల్ల కింద రుద్రమ్మ గుడ్డసంచి ఉంది. రోజూ అందులో అన్నం డబ్బా, మంచినీళ్ల సీసా మాత్రమే ఉంటాయి. ఇవాళ ఇంకొకటి కూడా ఉంది.

కాస్ట్యూమ్స్ చీఫ్ సూర్యనారాయణ వచ్చి హ్యాంగరు మీది చీరను రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఏమ్మా, గంజి ఎక్కువైనట్టుందే?"

"పసుపునీళ్లు వడంగనే మెత్తగైతయ్ సార్."

ఆయన తలూపి వెళ్లిపోయాడు. రుద్రమ్మ అబద్ధం ఆడలేదు. నిజంలో ఒక ముక్కను నాలుక కింద దాచుకుంది, అంతే. ఆ విద్య ఆమెకు నేర్పినవాళ్లు ఈ ఇంట్లోనే, ముందుగదిలో, పేరు రాసిన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

సినిమా కథ ఇదీ. ఊళ్లో ఒక పెద్దింటి పిల్ల పెద్దమనిషి అవుతుంది. ఆ పిల్ల ఆకుపచ్చ పట్టులంగాను ఒక చాకలిపిల్ల దొంగిలిస్తుంది. మొదట లంగా, తర్వాత స్నేహితులు, తర్వాత చదువు, చివరికి ఆ పిల్ల మనసునే కాజేసి పిచ్చిదాన్ని చేయబోతుంది. పెద్దింటి పిల్ల పెరిగి, ఆ దయ్యాన్ని గెలిచి, తెల్లచీరలో పసుపునీళ్లు పోయించుకుని కొత్త మనిషవుతుంది. చాకలిపిల్ల పేరు రుద్రి. మొదటి రోజు సెట్లో "రుద్రి రెడీనా?" అని ఎవరో అరిస్తే, ఇస్త్రీబల్ల దగ్గర రుద్రమ్మ "ఆ, వస్తున్న" అనబోయి ఆగిపోయింది.

ఆ రోజే కో-డైరెక్టరు తారక్ రంగుల కాగితాలు గోడకు అంటించి కాస్ట్యూమ్స్ వాళ్లందరికీ పాఠం చెప్పాడు.

"చూడండక్కా, ఆకుపచ్చ అంటే దొంగసొత్తు. పసుపు అంటే కల్మషం లేకపోవడం. ఎరుపు అంటే అబద్ధం. సినిమా మొత్తంలో ఎరుపు రుద్రి ఒంటిమీదే కనబడాలి. హీరోయిన్ మీద చుక్క కూడా పడకూడదు. మేడమ్ స్ట్రిక్టుగా చెప్పారు."

"మా దిక్కు రెండిట్ని పచ్చనే అంటరన్నా, ఆకుదైనా పసుపుదైనా," అంది రుద్రమ్మ.

అందరూ నవ్వారు. శ్రీలేఖ కూడా ఫోన్లోంచి తల ఎత్తకుండానే నవ్వింది.

మూడో చీర మడత పూర్తయింది. హుక్కులు, పిన్నులు తక్కువయ్యాయని సూర్యనారాయణ ఆమెను అమీర్‌పేట పంపాడు. మెట్రో స్తంభాల నీడ పట్టుకుని నడిచింది రుద్రమ్మ. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులు వచ్చిన పిల్లలు వరసగా నవ్వుతున్నారు. మ్యాచింగ్ సెంటర్లో ఆడవాళ్లు జాకెట్ ముక్కలను గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో చీర పక్కన పెట్టి చూస్తున్నారు. హుక్కులు కొని, ఆమె తిన్నగా తిరిగి రాలేదు. పక్కసందులోకి మళ్లి, ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందు కాసేపు నిలబడింది. ఇప్పుడక్కడ బండ్లు ఆపుకుంటున్నారు. ఒకప్పుడు అక్కడే ఆమె తల్లి ఎల్లవ్వ ఇస్త్రీబండి ఉండేది. ఒక మధ్యాహ్నం బండికి ఆనుకుని కునుకు తీసినట్టే పోయింది. ఎల్లవ్వకు ఒక పిచ్చి ఉండేది. సబ్బుబిళ్ల కొన్నా రసీదు అడిగేది. కొట్లోవాళ్లు విసుక్కునేవాళ్లు, నవ్వేవాళ్లు. "రేపు దొంగదాన్నంటే ఏం జూపియ్యాలె?" అనేది.

ఎందుకన్నదో రుద్రమ్మకు తెలుసు. శ్రీలేఖకూ తెలుసు.

ఊళ్లో పటేల్ ఇంటి బట్టలు ఎల్లవ్వే ఉతికేది. పటేల్ కూతురు శ్రీలేఖ, ఎల్లవ్వ కూతురు రుద్రి ఒక ఈడువాళ్లు. రేవు దాకా కలిసి పోయేవాళ్లు. ఒకసారి ఎవరి పెళ్లి బట్టలో పసుపుతో వస్తే ఎల్లవ్వ వాటిని బట్టలుతికే సౌడుమట్టి కలిపిన నీళ్లలో ముంచింది. పసుపు మరకలన్నీ ఎర్రగా తేలాయి. శ్రీలేఖ నెత్తురనుకుని బావురుమంది. ఎల్లవ్వ పిల్లను ఒళ్లోకి లాక్కుని, "పసుపు గంతే బిడ్డా, సౌడు తాకితే దాసుకోలేదు. ఎర్రగైతది" అని కళ్లు తుడిచింది.

శ్రీలేఖ పెద్దమనిషైన రోజు ఒంటి మీద ఉన్నది ఆకుపచ్చ పట్టులంగా. ఆ రోజు కట్టిన బట్టలు చాకలికి ఇవ్వడం ఆనవాయితీ. పటేలమ్మ తన చేతులతోనే పెరటి గుమ్మంలో ఎల్లవ్వ కొంగులో వేసింది. రుద్రి పొట్టిది. ఎల్లవ్వ అరుగు మీద కూర్చుని, అంచు పైన మడతపెట్టి టక్కు కుట్టింది. పెరిగే పిల్ల, పెరిగినప్పుడు విప్పుకోవచ్చునని. రుద్రి అది కట్టుకుని బతుకమ్మ దగ్గరికి పోతే ఊరి ఆడపిల్లలంతా దాన్నే చూశారు. శ్రీలేఖకు కడుపు రగిలిపోయింది. ఇంటికి పోయి, తమ దండెం మీది లంగాను రుద్రి ఎత్తుకుపోయిందని తండ్రికి చెప్పింది.

పటేల్ వాకిట్లో ఊరంతా చేరింది. ఎల్లవ్వ కూతురి లంగా అంచు పట్టుకుని టక్కు చూపించింది. "దొంగిలిచ్చిన గుడ్డకు అందరు జూస్తుంటె అరుగు మీద కూసోని టక్కేస్తరా పటేలా?" అని అడిగింది. "నీ టక్కులు నా దగ్గర కాదు," అన్నాడు పటేల్. పటేలమ్మ తలుపు వెనకే ఉంది. గాజుల చప్పుడు వినబడింది, మాట వినబడలేదు. లంగా అక్కడికక్కడే ఇచ్చేయమన్నారు. ఎల్లవ్వ తన కొంగు చించి బిడ్డకు చుట్టి ఇంటికి తెచ్చుకుంది. దొంగసొత్తు దొరికింది కదా, దాచుకున్నారా? లేదు. పెద్దమనిషైన నాటి మైలగుడ్డ మళ్లీ ఇంట్లోకి రాకూడదని పెంటకుప్ప మీద పారేశారు. ఇచ్చిందేనని ఒప్పుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఊరికి నోరు లేదు. ఆ వారం ఒక్క ఇల్లూ బట్టలు వేయలేదు. తల్లీకూతుళ్లు పట్నం బస్సెక్కారు. ఎక్కేముందు ఎల్లవ్వ పెంటకుప్ప దగ్గరికి పోయి ఆ లంగా ఏరుకుంది.

రుద్రమ్మ మళ్లీ దాన్ని కట్టలేదు. యూసుఫ్‌గూడ గదిలో రేకుపెట్టె అడుగున ఉంచింది. మరిచిపోయాననే అనుకుంది. శ్రీలేఖ ఆ అబద్ధాన్ని తెర మీద ఇంత పొడుగున చూపించబోతున్నారని తెలిసిన రోజున, కడుపులో అది ఎంత పచ్చిగా ఉందో తెలిసివచ్చింది. ఇప్పటిదాకా ఒక ఊరే తనను దొంగ అంది. ఇక టికెట్టు కొన్న ప్రతివాడూ అంటాడు.

ఆమెకు దారి చూపించింది కూడా శ్రీలేఖే. "రంగుపొడి వద్దు, అసలైన పసుపే కలపండి. కెమెరాకు అబద్ధం తెలిసిపోతుంది," అందట. ఆ మాట చెవినపడ్డ నాడే రుద్రమ్మ, సౌడులాగే పనిచేసే చాకలిసోడా పొట్లం కొంది. మూడు చీరలూ సోడానీళ్లలో ముంచి, నీడన ఆరేసింది. హీరోయిన్ హైందవి మంచి పిల్ల, కనబడితే "తిన్నారా అక్కా?" అని అడుగుతుంది. ఆ పిల్ల ఒళ్లు మండకూడదని నీళ్లు పలచగానే కలిపింది. దీని తర్వాత కృష్ణానగర్‌లో ఏ కంపెనీ తనను పనికి పిలవదని ఆమెకు తెలుసు. తెలిసే ముంచింది.

మధ్యాహ్నం వెలుతురు వాకిట్లోకి వాలగానే షాటు పెట్టారు. హైందవి తెల్లచీరలో పీట మీద కూర్చుంది. ముత్తైదువ వేషాలవాళ్లు ఇత్తడి బిందెలతో చుట్టూ నిలబడ్డారు. రుద్రమ్మ వంటింటి కిటికీ దగ్గర నుంచి చూస్తోంది. "యాక్షన్" వినబడింది. మొదటి బిందె భుజం మీద ఒంపారు.

నీళ్లు పచ్చగా దిగాయి. చీర ఎర్రగా లేచింది. భుజం మీద మొదలై, గుండెల మీదికి, ఒడిలోకి, కుచ్చిళ్లలోకి పాకింది. ఒక ముత్తైదువ బిందె వదిలేసింది. హైందవి తన చేతులు చూసుకుని కెవ్వుమంది. ఏమీ కాలేదని, నొప్పి లేదని తెలిశాక అందరూ ఒక్కసారిగా మాట్లాడసాగారు.

"బ్రహ్మాండంగా ఉంది మేడమ్, ఉంచేద్దాం," అన్నాడు కెమెరామన్.

"భలేవారే, అలా ఎలా ఉంచుతాం?" అన్నాడు తారక్. "అప్పుడు అబద్ధమాడింది హీరోయినే అవుద్ది."

అమాయకంగానే అన్నాడు. యూనిట్ మొత్తం విన్నది. శ్రీలేఖ ముఖంలో రంగు దిగిపోయింది. "రెండో చీర," అంది. రెండోదీ అంతే అయింది. ఈసారి ఆవిడ తానే లేచి వెళ్లి, పీట ముందు మోకాళ్ల మీద కూర్చుని, హైందవి తడి కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఎవరినీ పిలవకుండా పెరట్లోకి వచ్చింది.

రుద్రమ్మ ఇస్త్రీపెట్టె వైరు చుట్టిపెడుతోంది.

"సౌడు," అంది శ్రీలేఖ. ఆవిడ నోట ఆ మాట ఎన్నేళ్లకో వచ్చింది. "ఎవరు నువ్వు? నీ పేరేంటి?"

"మీరే పెట్టిండ్రు గదా మేడమ్, సినిమాల."

శ్రీలేఖ ఇస్త్రీబల్ల అంచు పట్టుకుంది. మొదటిసారిగా ఆ ముఖాన్ని నిదానంగా చూసింది. కళ్ల కింద, చెంపల మీద, పదమూడేళ్ల పిల్లకోసం వెతికినట్టు చూసింది. దొరికినట్టే ఉంది.

"పేరు మారుస్తాను రుద్రీ. డబ్బింగ్‌లో మార్చేయొచ్చు."

"పేరు మారిస్తె దొంగతనం మారుతదా?"

"నాకప్పుడు పదమూడేండ్లే గదనే." పట్నం తెలుగు జారిపోయి ఊరి మాట బయటికొచ్చింది.

"నాకెన్నేండ్లు శ్రీలేఖా?"

లోపల ఎవరో "మేడమ్, వెలుతురు పోతోంది" అని కేకేశారు. శ్రీలేఖ కదల్లేదు.

"ఏం జెయ్యమంటవు?"

"తల్పు ఎన్కాల మీ అమ్మ నిలవడ్డది. గాజులు సప్పుడైనయ్, యాదికుందా? అది తియ్యి." రుద్రమ్మ హ్యాంగరు మీది మూడో చీరను తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "ఇది సుత గట్లనే అయితది. కట్టిపిచ్చుకో."

ఇన్నేళ్లు ఊహించుకున్నప్పుడు ఈ మాటల తర్వాత కడుపు చల్లబడుతుందని అనుకునేది రుద్రమ్మ. చల్లబడలేదు. కానీ నడుము నిటారుగా నిలిచింది, అదే చాలనిపించింది. అన్నం డబ్బా కడిగి, సంచిలోంచి ఒక మడత తీసి చంకలో పెట్టుకుంది. ముందుగదిలోంచి నడిచింది. అక్కడ ఎవరి గొడవలో వాళ్లున్నారు. సూర్యనారాయణ మాత్రం ఎదురై, "ఏం చేశావమ్మా చీరల్ని?" అన్నాడు.

"ఉతికి ఆరేసిన సార్," అంది రుద్రమ్మ, ఆగకుండానే.

గేటు దాటి ఎడమవైపు తిరిగింది. సిగ్నల్ దగ్గర జనంలో ఆమె తల రెండు మూడు సార్లు కనబడింది, తర్వాత పోల్చుకోవడం కష్టమైంది.

మూడో షాటు ఆ రోజు తీయలేదు. పొద్దువాలి, ఇంటివాళ్లు తాళాల కోసం వచ్చారు. లైట్లు దించి తాళ్లు చుడుతుంటే తారక్ డైరెక్టరు కుర్చీ మడవబోయి ఆగాడు.

"మేడమ్, ఈ లంగా ఎక్కడిది? మన కంటిన్యుటీలో లేదే. మరీ చిన్నపిల్లది."

శ్రీలేఖ దూరంగా గోడకు ఆనుకుని ఉంది. ముట్టుకోవద్దన్నట్టు చెయ్యెత్తింది.

లంగా కుర్చీలో, కూర్చున్న మనిషి ఒడిలాగా, చక్కగా ఇస్త్రీచేసి పరిచి ఉంది. ఆకుపచ్చ వెలిసి బూడిదరంగుకు తిరిగింది. అంచు పైన టక్కు మాత్రం ఎల్లవ్వ చేతికుట్టుతో అలాగే ఉంది, ఒక్క పోగూ తెగలేదు. పెరిగినప్పుడు విప్పుకోవలసిన ఆ మడత లోపల బెత్తెడు పట్టు ఇంకా నిన్న కొన్నంత పచ్చగా ఉంది.