తిమింగలం కింద భోజనం

"కాఫీ కూడా తాగకు. నాలుక శుభ్రంగా ఉండాలి," అన్నాడాయన, ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాలోకి చేతులు దూరుస్తూ.

ఆయన నాలుక గురించి కాదు. ఆమె నాలుక గురించి.

ఆయన ఒక పత్రికలో వారం వారం హోటళ్ళ భోజనం గురించి రాస్తాడు. శీర్షిక పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఫొటో ఉంటుంది. ఆరేళ్ళ కిందట వచ్చిన ఒక జ్వరం ఆయన ముక్కులోంచి వాసననంతా ఊడ్చుకుపోయింది. ఉప్పు, తీపి, పులుపు, కారం తెలుస్తాయి. అంతకుమించి ఏది తిన్నా నోట్లో తడి అట్టముక్కే. వాసన తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు. ఆ రోజు ఆయన స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చాడు. ఆమె తలుపు ఇవతల నిలబడి విన్నది. "నేను తిని చెప్తాను, మీరు రాయండి. మళ్ళీ వాసన తెలిసేదాకా," అన్నది ఆమే. ఎవరికీ చెప్పనని మాటిచ్చిందీ ఆమే. అప్పుడది ప్రేమ. ఎప్పుడు డ్యూటీ అయిపోయిందో ఆమెకే తెలియలేదు.

మొదట్లో ఆమె చెప్పినదాన్ని తన మాటల్లోకి మార్చుకునేవాడు. తర్వాత ఆ ఓపికా పోయింది. కారులో ఫోను ఆమె నోటి ముందు పెట్టి "ఊఁ, చెప్పు" అనేవాడు. ఆమె అన్నది అన్నట్టే అచ్చయ్యేది. "ఈ కేకు పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంలా ఉంది. పైకి ఎంత తియ్యగా మాట్లాడుతుందో లోపల అంత బోలు," అని ఆమె నవ్వుతూ అన్న మాటకి పాఠకులు ఉత్తరాలు గుప్పించారు. అత్తగారు ఆ వ్యాసాలన్నీ కత్తిరించి ఫైల్లో దాచుకుంటుంది. "వాడికి వాళ్ళ నాన్న నాలుక వచ్చింది. నీకేమ్మా, అదృష్టవంతురాలివి. వాడి వెంట వెళ్ళి ఊరికే కూర్చుని తిని రావడమే కదా!" అంటుంది. ఊరికే కూర్చుని తినడం! ఆకలి లేకపోయినా తినాలి, ఆకలి దంచేస్తున్నా రెండు చెంచాల దగ్గర ఆగాలి. బాగాలేనిదాన్ని ఎందుకు బాగాలేదో తేలేదాకా నములుతూనే ఉండాలి. ఇంటికొచ్చి మళ్ళీ అందరికీ వండాలి. ఆ వండింది ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన "ఉప్పు తక్కువైంది" అంటాడు. ఆయనకి తెలిసేది ఉప్పు గనక, ఆమె వంటలో ఆయనకి దొరికే తప్పు కూడా ఎప్పుడూ అదే.

ఆ రోజు వెళ్ళింది కొత్తగా తెరిచిన థీమ్ పార్కుకి. అందులో జలాంతర్గామిలా కట్టిన రెస్టారెంటు ఉంది. తలుపు మూసుకోగానే నేల సన్నగా వణికింది. గుండ్రటి కిటికీల అవతల నీళ్ళు పైకి లేచాయి, వెండిచేపలు గుంపుగా తిరిగి వెళ్ళాయి. దీపాలు నీలంగా మారాయి. పిల్లలు కుర్చీలెక్కి కేకలు పెట్టారు. అంతలో కప్పు మొత్తం కమ్ముకుంటూ ఒక తిమింగలం మెల్లగా ఈదుకుంటూ వచ్చింది. అది తెర మీద బొమ్మే అని తెలిసీ ఆమె ఒళ్ళు జలదరించింది.

"చూశావా! అబ్బ, ఎంత బాగుందో!" అన్నాడాయన. ఆయన కళ్ళు పదేళ్ళ పిల్లాడి కళ్ళలా మెరిశాయి. పాపం, భోజనంలో ఆయనకి మిగిలింది ఇదొక్కటే కదా అనిపించి ఆమెకి జాలేసింది.

సూపు వచ్చింది. గోరువెచ్చగా ఉంది, అడుగున డబ్బా వాసన. రొట్టె అంచులు పెంకులా ఎండిపోయాయి. తర్వాత చేపముక్క. దాని మీద నిమ్మరసం మరీ ఎక్కువ పిండారు. అంత నిమ్మ ఎందుకా అని ఆమె నెమ్మదిగా నమిలింది. ఆ పులుపు వెనక సన్నగా, ముక్కులో సూది గుచ్చినట్టు, ఇంకో వాసన. వెంటనే రుమాల్లోకి ఉమ్మేసింది.

"ఏమండీ, తినకండి. పాడైంది," అన్నది చిన్నగా.

అప్పుడే కెప్టెన్ టోపీ పెట్టుకున్న మేనేజరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "సార్, ఎలా ఉందండీ మా సముద్రం? మేడమ్‌గారికి నచ్చిందాండీ?"

"ఆవిడకి ఏం పెట్టినా ఒకటేనండీ," అని నవ్వాడాయన. "ఇన్నేళ్ళు ఆవిడ చేతివంట తిని కూడా నా నాలుక మొద్దుబారలేదంటే అదే పెద్ద విశేషం."

మేనేజరు పగలబడి నవ్వాడు. ఆమెకి నవ్వూ రాలేదు, కన్నీళ్ళూ రాలేదు. పక్క బల్ల దగ్గర ఒక చిన్నపిల్ల అదే చేపముక్కని ఫోర్కుకి గుచ్చి, తిమింగలానికి చూపిస్తూ ఆడుకుంటోంది. ఆమె లేచి వెళ్ళి ఆ పిల్ల తల్లితో, "అమ్మాయికి అది పెట్టకండి. చేప పాడైంది," అన్నది. ఈసారి గొంతు తగ్గించలేదు. చుట్టుపక్కల నాలుగు బల్లల వాళ్ళూ తలలు తిప్పారు.

మేనేజరు మొహం మాడిపోయింది. "అదేంటి మేడమ్! సార్, మీరు చెప్పండి. మీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు?"

అందరూ ఆయనవైపు చూశారు. ఆయన ఆమెవైపు ఒక్కసారి చూశాడు. ఫోర్కు తీసుకుని పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, ఫొటోలోలా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నమిలాడు. "అద్భుతం," అన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి మిగతాదంతా తినేశాడు.

పిల్ల తల్లి మాత్రం ప్లేటు వాసన చూసి దూరంగా జరిపేసింది. ఈ గొడవకి వంటగది తలుపు తోసుకుని వంటావిడ బయటికొచ్చింది. తడి ఏప్రను, చేతుల మీద పాత కాలిన మచ్చలు. "ఇవి ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టినవి, వద్దు సార్ అని పొద్దున్నే చెప్పాను," అన్నది మేనేజరుతో. "జనం ఇక్కడికి తిండి కోసం వస్తారా, తిమింగలం కోసం వస్తారా అన్నారు మీరు." తర్వాత ఆమెవైపు తిరిగింది. "నాతో అంత నిమ్మ పిండించారు కదమ్మా, మీకెలా తెలిసింది?"

ఆరేళ్ళలో ఆమెని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఎవరూ లేరు. "నా పని అదేనమ్మా," అన్నది. అన్నాక గాని ఆ మాట ఎంత నిజమో ఆమెకి తెలియలేదు.

కారులో ఆయన చిందులు తొక్కాడు. "నలుగురిలో నా పరువు తీశావు! ఎవరికీ చెప్పనని మాటిచ్చావు." కాసేపటికి చల్లబడి, అలవాటుగా ఫోను ఆమె నోటి ముందు పెట్టాడు. "సరేలే. సూపు సంగతి చెప్పు."

"మీరూ తాగారుగా. మీరే రాయండి," అన్నదామె. "నేను మాటిచ్చింది మీ ముక్కు కోసం. ఎవరి పిల్లలకో కుళ్ళిన చేప పెట్టడానికి కాదు. ఎడిటరుగారికి మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

మర్నాడు ఆయన కడుపు పట్టుకుని మంచమెక్కాడు. ఆమె ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళిస్తే, తాగి "ఉప్పెక్కువైంది" అన్నాడు. అత్తగారు తల నిమురుతూ కూర్చుంది. పడుకునే వ్యాసం రాసి పంపించాడు. ఎడిటరుకి మాత్రం ఏమీ చెప్పలేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఎడిటరు ఫోను చేసింది. ఆయన పడుకునే స్పీకరు నొక్కాడు. "ఏంటండీ ఇది? తిమింగలం ఉంది, నీలం దీపాలున్నాయి, వణికే నేల ఉంది. తిండి గురించి ఒక్క వాక్యం లేదు! మీరు రాసినట్టే లేదు."

ఆయన ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి ఆమెవైపు చూశాడు. "చెప్పవే, ప్లీజ్. ఒక్క రెండు ముక్కలు," అన్నాడు గుసగుసగా.

"చెప్తాను," అని ఆమె ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది. "తిండి గురించి నేను రాసిస్తానండీ. కింద నా పేరు వెయ్యాలి."

"మీరెవరండీ?"

అత్తగారు నిమురుతున్న చెయ్యి ఆపి తలెత్తింది. ఆమె తన పేరు చెప్పింది. రాసుకోవడంలో తప్పు పోకుండా ఒక్కో అక్షరం విడమరిచి మళ్ళీ చెప్పింది.

"ఆరేళ్ళుగా మీరు అచ్చేస్తున్నది నన్నేనండీ," అన్నది.