బాలికి వెళ్ళే పెట్టె

శారదక్కయ్య చీరలు ఇస్త్రీ చేస్తున్నాను. మూడోది మడత పెడుతుండగా బావగారు రెండు పెద్ద సంచులతో వచ్చి, మంచం మీద తెరిచి ఉన్న పెట్టెలో కుమ్మరించారు. సబ్బులు, సెంటు సీసాలు, చాక్లెట్లు, పిల్లల టీషర్టులు.

అది ఎనభై ఆరు ఏప్రిల్. అమెరికాలో, ఎడిసన్‌లో యోగానంద్ బావగారింట్లో మేం దిగి ఏడాదైంది. మా ఆయన గోపాల్ ఆయనకు తమ్ముడు. ఇక్కడ నాకు బ్యాంకులో మాట్లాడటం, మంచులో నడవడం, కారు నడపడం అన్నీ నేర్పింది తోడికోడలు శారదక్కయ్యే. ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి కూడా నా పక్క సీట్లో కూర్చునేది. నేను స్టీరింగ్ ఎంత తప్పు తిప్పినా ఒక్కసారి కసరలేదు.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ఇండోనేషియా బయల్దేరాలి. మా ఊరి బడిలో జావా, సుమత్రా, బోర్నియో అని బట్టీ పట్టాను గానీ, అక్కడికి సరదాకి వెళ్తారని నాకు తెలియదు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన రంగుల పుస్తకం అక్కయ్య రోజూ చూపించేది. జావాలో మసీదులు, కొండంత బౌద్ధ స్తూపం, బాలిలో ఇంటింటా గుడి, దీవికో భాష. వాళ్ళు దిగే హోటల్లో గది ముందే కొలను, చుట్టూ దేవగన్నేరు చెట్లు. ఆవిడ వేలు మాత్రం ఎప్పుడూ వరండాలో కాఫీ పళ్లెం పట్టుకున్న మనిషి మీదే ఆగేది.

“నేను లేచేసరికి ఎవరైనా కాఫీ తెచ్చివ్వాలి వసూ. పెళ్ళయ్యాక అది జరగలేదు.”

ఇప్పుడు అక్కయ్య పెట్టెకేసి చూసి, “ఇవెందుకండీ?” అంది.

“బాలిలో రెండ్రోజులుండి ఇండియా వెళ్దాం. టికెట్లు ఎయిర్‌పోర్ట్‌లో చేంజ్ చేయిస్తాను. అంత దూరం వచ్చి మా గుమ్మం తొక్కరా అని అక్క ఫోన్ చేసింది.”

“ఇన్నేళ్ళూ ప్రతి వెకేషనూ అక్కడే కదా. పెళ్ళిళ్ళూ, పలకరింపులూ.”

“బాలిలో చూడ్డానికేముంది? రామాయణం ఆడతారట. మన ఊళ్ళో ఆడరా?”

“మన ఊళ్ళో ఆడుతున్నప్పుడు నేను వంటింట్లో ఉంటాను.”

బావగారు నవ్వబోయి ఆగారు. అక్కయ్య పెట్టె మూత వేసి చూసింది. పడలేదు. తన చీరలు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టింది.

నేను ఇస్త్రీ పెట్టె ఆపేశాను. బావగారి ఎదుట పిలిస్తే పలకడమే తప్ప నా అంతట నేను మాట్లాడిన గుర్తు లేదు.

“బావగారూ, డిసెంబర్‌లో మేం ఇండియా వెళ్తున్నాం కదా. ఇవి నేను పట్టుకెళ్తాను. వదినగారింట్లో నాలుగు రోజులుంటాను. ఆవిడకి మరదలు రావాలంతే కదా, నేనూ మరదలినే.”

“అక్క ఊరుకోదమ్మా.”

“కోప్పడితే వింటాను. వినడం నాకు బాగా వచ్చు.”

“నువ్వుండు వసూ,” అంది అక్కయ్య.

నా పెట్టె తెచ్చి సామానంతా అందులోకి మార్చాను. చీరలు మళ్ళీ సర్దాక అక్కయ్య పెట్టె సగం ఖాళీగా మిగిలింది.

“ఇంకేం పెట్టుకోవాలే?” అని నన్నడిగింది. నాకూ తోచలేదు. తమ కోసం పెట్టె సర్దుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

బావగారు కాసేపు ఆ ఖాళీకేసి చూశారు. మూత వేశారు. సామాన్లున్న నా పెట్టెను అక్కడే వదిలి, అక్కయ్య పెట్టె ఒంటి చేత్తో ఎత్తి, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని కారు దగ్గరికి వెళ్ళిపోయారు.